పదకొండుమందితో మ్యాట్నీ

మొన్న బుధవారం నేనూ మా ఆవిడా మ్యాట్నీకి వెళ్ళాం. హాల్లో మాతో కలిపి పదకొండుమంది. లైట్లు ఆర్పకముందే లెక్కపెట్టేశాను. ముప్పై అయిదేళ్ళు లెక్కల మాస్టారుగా చేసినవాణ్ణి. ఎక్కడ నలుగురు కూర్చున్నా తలకాయలు లెక్కపెట్టే జబ్బు రిటైరైనా పోలేదు.

"పదకొండు" అని పైకే అన్నాను కాబోలు, ముందు వరసలో కుర్రాడు వెనక్కి తిరిగి నవ్వాడు. మా రాష్ట్రంలో ఆ అంకెకి ఇప్పుడు వేరే అర్థం ఉంది కదా. 2024లో వైసీపీకి వచ్చిన సీట్లు పదకొండు. అంతకుముందు 2019లో తెలుగుదేశానికి 23 వచ్చినప్పుడు ఇరవై మూడంటే నవ్వేవాళ్ళు. నేను అప్పుడూ నవ్వలేదు, ఇప్పుడూ నవ్వలేదు. మంచితనం కాదు, లెక్కల బుద్ధి. రెండుసార్లూ ఓడిపోయిన పార్టీకి నూటికి 39 పైనే ఓట్లు పడ్డాయి. అంటే వీధిలో పది ఇళ్ళుంటే ఇంచుమించు నాలుగిళ్ళు. ఆ నాలుగిళ్ళలో మా ఎదురింటాయనది ఒకటి. ఆయన ఇచ్చిన పెరుగు తోడుతోనే మా ఇంట్లో ఇవాళ్టికీ పెరుగు తోడుకుంటోంది. ఆయన్ని చూసి ఏమని నవ్వను?

మాది తెనాలి. నాకు డెబ్భై మూడు. పొద్దున్నే నాలుగున్నరకి మెలకువ వచ్చేస్తుంది. మా ఆవిడ లేచేదాకా గిన్నె చప్పుడు కాకూడదు, టీవీ పెట్టకూడదు, తలుపు గొళ్ళెం కూడా మెల్లగా తియ్యాలి. కాబట్టి చీకట్లో మంచం మీద కూర్చుని నిన్నటి పేపర్లో మిగిలిన ముక్కలు ఫోను లైటు వేసుకుని చదువుతాను. అయిదున్నరకి కాలవగట్టు. ఊళ్ళోంచి మూడు కాలవలు పోతాయని మా ఊరిని ఆంధ్రా ప్యారిస్ అన్నారు. నేను ప్యారిస్ చూడలేదు గాని అక్కడి నదిలో ఇంత గుర్రపుడెక్క ఉండదనే అనుకుంటాను.

గట్టు దిగితే టీ బంకు. అక్కడ మేం ముగ్గురం. రైల్వేలో గూడ్సు గార్డుగా చేసినాయన, నిమ్మకాయల కమీషన్ వ్యాపారం కొడుక్కి అప్పజెప్పేసిన ఇంకొకాయన, నేను. గార్డు గారికి రాజకీయం అంటే జ్వరం. పేపరు తెరవగానే, "మాస్టారూ, ఇది చూశారా" అంటూ మొదలెడతాడు. ఆయనకి ప్రతి వార్తలోనూ ఒక కుట్ర కనిపించాలి. నిమ్మకాయలాయన మాత్రం ధర వార్త తప్ప ఏదీ చదవడు. కిలో ఎంత పలికిందో చూసి, పేపరు మడిచి, "ఎవడొస్తే ఏంటి మాస్టారూ, ఎండలొస్తే మనకి రేటొస్తుంది" అంటాడు. నాకు తెలిసి ఆ బంకు దగ్గర స్థిరమైన సిద్ధాంతం ఉన్నవాడు ఆయనొక్కడే.

అమరావతి మాకు ఎంతో దూరం లేదు కాబట్టి ఆ మాట రోజూ వస్తుంది. 2015 అక్టోబరులో ప్రధానమంత్రి వచ్చి శంకుస్థాపన చేశారు. తర్వాత రాజధాని ఒకటి కాదు మూడన్నారు. మళ్ళీ ఒకటే అన్నారు. 2025 మే 2న అదే ప్రధానమంత్రి వచ్చి పనులు మళ్ళీ మొదలుపెట్టారు. "ఇదేంటి మాస్టారూ?" అని గార్డు గారు అడిగితే, "రీ-రిలీజండీ, ఫోర్ కేలో" అన్నాను. ఆయనకి కోపం వచ్చింది. ఆయన మేనల్లుడు అక్కడ ల్యాండ్ పూలింగులో రాజధాని కోసం పొలం ఇచ్చాడట. పదేళ్ళు. వేళాకోళం అక్కడికి ఆపేశాను.

సినిమా నాకు రాజకీయం కంటే పాత రోగం. మా వైపు వాళ్ళకి అది తప్పదు. బుర్రిపాలెం కృష్ణ, చిర్రావూరు సావిత్రి, మోరంపూడి జగ్గయ్య, రావికంపాడు గుమ్మడి. అన్నీ సైకిల్ తొక్కి వెళ్ళొచ్చే దూరంలోని ఊళ్ళే. సినిమావాళ్ళు రాజకీయాల్లోకి రావడం రామారావుతో మొదలైందని మా మనవడు అనుకుంటాడు. 1967లోనే జగ్గయ్య ఒంగోలు నుంచి కాంగ్రెస్ టికెట్ మీద లోక్‌సభకి గెలిచాడు. కృష్ణ 1989లో ఏలూరు నుంచి గెలిచి, 1991లో అక్కడే ఓడి, మళ్ళీ ఆ జోలికి పోలేదు. నాకు కృష్ణ మీద గౌరవం పెరిగింది ఆ ఓటమి తర్వాతే. నేను ఆయన అభిమానిని కాబట్టి ఇలా అంటున్నానని గార్డు గారి ఆరోపణ. నిజమే, అభిమానినే. అయితే?

1974 మే నెల. అల్లూరి సీతారామరాజు వచ్చింది. తెలుగులో మొదటి సినిమాస్కోపు. నాకు ఇరవై రెండు, ఉద్యోగం లేదు. బుకింగు దగ్గర గోడకి ఒక కన్నం ఉండేది, చెయ్యి మాత్రం పట్టేంత. ఆ కన్నంలో ఒకేసారి మూడు చేతులు దూరేవి. పిడికిట్లో డబ్బులు చెమటకి తడిసి, లోపలున్నవాడు ఏ చేతికి ఏ టికెట్ ఇచ్చాడో తెలియక, బయటికి లాక్కునేసరికి మణికట్టు దగ్గర తోలు లేచిపోయేది. ఆ గీత నాకు చాలా రోజులు ఉంది. నేలలో కూర్చున్నాం. తెర అంత వెడల్పు ఉంటుందని తెలీక ముందుకు పోయి కూర్చుని, మెడ అటూ ఇటూ తిప్పుకుంటూ చూశాం. చివర్లో నా పక్కన ఎవరో రిక్షా ఆయన, పేరు తెలీదు, నా భుజం పట్టుకుని ఏడ్చాడు. నేను కూడా. బయటికొచ్చాక ఇద్దరం ఒకర్నొకరు చూసుకోకుండా చెరోవైపు వెళ్ళిపోయాం.

తర్వాతి ఏడు టీచరు ఉద్యోగం వచ్చింది. దాంతోపాటే ఎలక్షన్ డ్యూటీ. 1978 నుంచి 2009 దాకా నా పేరు లేని ఆర్డరు కాపీ వచ్చిన గుర్తు లేదు. ఓపీవోగా, అంటే బూత్‌లో కింది పోలింగు అధికారిగా మొదలై, పీవో, అంటే బూత్‌కి పెద్ద అయిన ప్రిసైడింగు అధికారి దాకా. పంపిణీ కేంద్రంలో చెట్టు కింద దుప్పటి పరుచుకుని, మెటీరియలు లిస్టు ప్రకారం సరిచూసుకోవడం దగ్గర నా లెక్కల చాదస్తం అందరికీ పనికొచ్చేది. బ్యాలెట్ పేపర్లు, ముద్ర, సిరా సీసా, లక్క, కొవ్వొత్తి, పురికొస, కవర్లు. కవర్లే బోలెడు. ఒక కవరు తక్కువైనా తెల్లారి డబ్బా అప్పజెప్పేటప్పుడు గంటలకి గంటలు నిలబెడతారు.

1983 జనవరి 5. నాకు పడింది కృష్ణ ఒడ్డున ఒక లంక గ్రామం. రాత్రి పడవ మీద పెట్టెతో సహా దాటాం. సంక్రాంతి ముందు మంచు, ఎదుటివాడి మొహం కనపడటం లేదు. పొద్దున్న ఏడున్నరకే స్కూలు గేటు దగ్గర ఆడవాళ్ళ వరస. అప్పటికి రెండు ఎన్నికల డ్యూటీలు చేశాను, ఆడవాళ్ళు మగవాళ్ళకంటే ముందొచ్చి నిలబడటం నేను చూసింది అదే మొదటిసారి. నా పని జాబితాలో పేరు చూసి గట్టిగా చదవడం.

ఒక ముసలావిడ వచ్చింది. వేలికి సిరా పెట్టించుకుంది. కాగితం చేతిలోకి తీసుకుని కిందికీ మీదికీ చూసింది. తిరగేసి చూసింది. నా దగ్గరికొచ్చి, "రామారావు ఏడయ్యా ఇందులో?" అంది.

బొమ్మ ఉంటుందనుకుంది పాపం. ఆ కాగితం మీద పేర్లూ, గుర్తులూ తప్ప ఏముంటాయి? ఏజెంట్లు ముగ్గురూ నావైపే చూస్తున్నారు. నేను సైకిల్ అన్నానంటే నా ఉద్యోగం పోతుంది. అనకపోతే ఆవిడ అక్కడే నిలబడుతుంది. మా పీవో గారు పెద్దమనిషి, "గుర్తు చూసుకుని ముద్ర వెయ్యమ్మా, మేం చెప్పకూడదు" అన్నారు. ఆవిడ ఆయన్ని ఎగాదిగా చూసి, "చెప్పకపోతే మానె, నాకు తెలీదనుకున్నావా" అని గోనెపట్టా చాటుకి వెళ్ళింది. చాలాసేపు రాలేదు. వచ్చేటప్పుడు కాగితాన్ని మేం చెప్పినట్టు నిలువుగా కాదు, తమలపాకు చిలకలా మూడు మూలలా మడిచి తెచ్చింది. కళ్ళకద్దుకుని పెట్టెలో వేసింది.

ఆవిడ ముద్ర దేనిమీద వేసిందో నాకు తెలీదు. రామారావు కోసమే వచ్చింది కాబట్టి సైకిల్ మీదే వేసిందని మీరనుకోవచ్చు. చాటుకి వెళ్ళాక మనిషి ఏం చేస్తుందో ఎవరికి తెలుసు? నాలుగు రోజుల తర్వాత, 9వ తేదీన, రామారావు లాల్ బహదూర్ స్టేడియంలో ప్రమాణస్వీకారం చేశాడు. పార్టీ పెట్టి అప్పటికి ఏడాది కూడా కాలేదు. పేపర్లో ఫోటో చూస్తుంటే నాకు ఆ జనం కంటే గోనెపట్టా చాటున ఒక్కతే నిలబడిన ఆ ముసలావిడ ఎక్కువ గుర్తొచ్చింది.

ఈమధ్య నాకొక అనుమానం పట్టుకుంది. బంకు దగ్గర చెబితే ఇద్దరూ ఒప్పుకోలేదు. సినిమా అనేది పదిమందిలో కూర్చుని చూసేది, ఓటు ఒక్కడివే చాటున వేసేది. ఇప్పుడు రెండూ తారుమారయ్యాయి. మా మనవడు హైదరాబాదులో బీటెక్ రెండో సంవత్సరం. సెలవలకి వస్తే దుప్పటి ముసుగేసుకుని చెవుల్లో ఆ మొగ్గలు పెట్టుకుని ఫోన్లో సినిమా చూస్తాడు, ఒకటిన్నర స్పీడులో. పాటొస్తే దాటించేస్తాడు. నవ్వొచ్చే చోట వాడొక్కడే దుప్పట్లో నవ్వుతాడు. అదే మనవడు ఓటేసి వచ్చి సిరా వేలు ఫోటో తీసి, ఎవరికేశాడో కింద రాసి మరీ ఊరంతటికీ చూపించాడు. ఒరే, ఆ చాటు కోసం మేం రాత్రంతా దోమల్లో పడుకుని గోనెపట్టాలు కట్టాంరా, అంటే, "నేనేమన్నా దొంగతనం చేశానా తాతా, దాచడానికి?" అన్నాడు. వెంటనే జవాబు తోచలేదు. ఇప్పటికీ తోచలేదు.

పిల్లాణ్ణి అనడమెందుకు, మా రిటైర్డు టీచర్ల వాట్సాప్ గ్రూపే చాలు. డీఏ బకాయిల గురించి పెట్టుకున్న గ్రూపు అది. ఎలక్షన్ వచ్చేసరికి ఎవరు ఏ పార్టీయో పేరుపేరునా తేలిపోయింది. నలభై ఏళ్ళు ఒకే స్టాఫ్ రూములో డబ్బా పంచుకు తిన్న ఇద్దరు, ఒకాయన పంపిన రీలు మీద మాటామాటా పెరిగి గ్రూపులోంచి లేచిపోయారు. వాళ్ళిద్దరూ ఏ పార్టీయో నలభై ఏళ్ళూ ఒకరికొకరు తెలీదు. అందుకే అన్నాళ్ళు డబ్బా నడిచింది.

ఆ గ్రూపులో రోజు విడిచి రోజు వచ్చే ఇంకో మెసేజీ, ఉచితాలతో రాష్ట్రం నాశనం. పంపేవాళ్ళందరూ నెల మొదట్లో నాలాగే పెన్షన్ తీసుకునేవాళ్ళు. నా పెన్షన్ని ఎవరూ ఉచితం అనరు. ఎదుటి సందులో వితంతువుకి నెలకి నాలుగు వేలు ఇంటికి తెచ్చిస్తే మాత్రం అది ఉచితం. రామారావు కిలో రెండు రూపాయల బియ్యం పెట్టినప్పుడూ ఇవే మాటలు విన్నాను. నాకు తెలిసింది నా క్లాసు. మొదటి పీరియడ్ లెక్కలు. బోర్డు మీద భాగహారం వేస్తుంటే వెనక బెంచీల్లో పిల్లలు కళ్ళు తేలేసేవాళ్ళు. సోమరితనం అని బెత్తం ఝళిపించేవాణ్ణి. వాళ్ళు రాత్రి ఏం తిన్నారో నేను అడగలేదు. ఆ బియ్యం వచ్చాక అందరూ లెక్కల్లో రామానుజాలయ్యారని చెప్పను గాని, కళ్ళు తేలెయ్యడం తగ్గింది. అప్పటినుంచి ఆ విషయంలో నేను ఆ గ్రూపులో మైనారిటీ.

మా ఆవిడ విషయానికొస్తే, 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్ళకి బస్సు ఉచితం అయ్యింది కదా, ఆవిడకి మంగళగిరి నరసింహస్వామి మీద భక్తి రెట్టింపైంది. పల్లెవెలుగులో పక్కపక్కనే కూర్చుంటాం. ఆవిడ ఆధార్ కార్డు చూపించి సున్నా టికెట్ తీసుకుంటుంది, నేను జేబులు తడుముకుంటాను. "చిల్లరుందా?" అని ఆవిడ అడిగే తీరు ఉంటుందే! పెళ్ళై యాభై ఏళ్ళు కావస్తోంది, నన్ను ఆవిడ తన ఖర్చు మీద బస్సెక్కించినట్టు చూడటం ఇప్పుడే.

ఇక టికెట్ల సంగతి. 2021లో ప్రభుత్వం సినిమా టికెట్ రేట్లు ఎంత తగ్గించిందంటే, పల్లెటూళ్ళో ఏసీ లేని హాల్లో కింది తరగతి అయిదు రూపాయలు. హాళ్ళవాళ్ళు గగ్గోలు పెట్టారు. ఏడాది తిరక్కముందే మార్చారు. ఇప్పుడు పెద్ద హీరో సినిమా వస్తే జీవో ఇచ్చి రేటు పెంచుతున్నారు, అర్ధరాత్రి ఆటలకి వేరే రేటు. పప్పు ధర పెరిగితే ప్రభుత్వానికి తలనొప్పి అవుతుంది, టికెట్ ధర మాత్రం ప్రభుత్వమే కూర్చుని పెంచుతుంది. దీంట్లో నాకు ఏ పార్టీ మీదా ప్రత్యేకమైన ప్రేమ లేదు. 2024 డిసెంబరు 4 రాత్రి హైదరాబాదులో ప్రీమియర్ ఆట దగ్గర తొక్కిసలాటలో ఒక తల్లి చనిపోయింది. వారం రోజులు టీవీలో ఎవరిది తప్పు అని వాదించుకున్నారు. నాకు మాత్రం ఆ కన్నంలో దూరిన మూడు చేతులు గుర్తొచ్చాయి. మేం కూడా అలాగే తోసుకున్నాం. మాకేమీ కాలేదంటే అది మా మంచితనం కాదు, అదృష్టం. దాన్ని తీపి జ్ఞాపకం అని నలభై ఏళ్ళు పిల్లలకి చెప్పుకున్నాను. ఇప్పుడు చెప్పడం తగ్గించాను.

కొత్త సినిమాల మీద నా ఫిర్యాదు ఒక్కటే, చప్పుడు. కత్తులు, నెత్తురు, అవి మాయలఫకీరు కాలంనుంచీ ఉన్నవే. కానీ హీరో నడిచొస్తుంటే పది నిమిషాలు డప్పు వాయిస్తే, వాడు వచ్చి ఏం మాట్లాడాడో నాకు వినపడదు. చెవి మిషన్ తీసేసి చూస్తే చాలా సినిమాలు బాగుంటున్నాయి. మా ఆవిడ ఈ మాటని వేళాకోళం అనుకుంటుంది. నిజంగానే చెబుతున్నాను.

2024 మే 13 సంగతి కూడా చెప్పాలి. ఎండ తగ్గాక వెళ్దామని అయిదింటికి బయల్దేరాం. మాకంటే తెలివైనవాళ్ళం అనుకున్నవాళ్ళు ఊళ్ళో చాలామందే ఉన్నారు. మగవాళ్ళ వరస స్కూలు గేటు దాటి రోడ్డు మీదికొచ్చింది. ఆరింటికి గేటు మూశారు. అప్పుడు పీవో, చిన్నపిల్ల, ముప్పై కూడా ఉండవు, చీటీల కట్ట పట్టుకుని బయటికొచ్చింది. ఆరు దాటాక వరసలో ఉన్నవాళ్ళకి నంబర్లు వేసిన చీటీలు ఇవ్వాలి, అదీ చివర ఉన్నవాడి దగ్గర్నుంచి ముందుకి. ముందునుంచి ఇస్తే ఇచ్చే లోపల వెనక ఇంకో పదిమంది వచ్చి చేరతారు. ఆ పిల్ల వరస ముందు నిలబడి ఎవరితోనో మాట్లాడుతోంది. నాకు ఆగలేదు. "అమ్మా, వెనకనుంచి ఇవ్వాలి" అని అరిచాను. ఆ పిల్ల అక్కణ్ణుంచే, "తెలుసండీ, అటే వస్తున్నాను" అంది. వరసంతా నవ్వింది. వచ్చి ఒకటో నంబరు చీటీ నా చేతిలోనే పెట్టింది. ఎందుకంటే చివర ఉన్నది నేనే. అన్ని ఎన్నికల్లో ఎందరికో ఆ చీటీ ఇచ్చాను గాని, నా చేతికి రావడం అదే మొదలు. ఇవ్వాల్సినవాళ్ళకి తిరిగి ఇచ్చెయ్యాలని తెలిసినా ఇవ్వబుద్ధి కాలేదు. ఓటు పడేసరికి ఎనిమిది దాటింది. మాకది త్వరగా అయినట్టే లెక్క. రాష్ట్రంలో కొన్నిచోట్ల అర్ధరాత్రి దాటినా వరసలు తరగలేదు.

మా ఆవిడ ఆడవాళ్ళ వరసలో వేసి ఎప్పుడో బయటికొచ్చి వేపచెట్టు కింద కూర్చుని ఉంది. ఎవరికేశావని నేను అడగలేదు, ఆవిడా అడగలేదు. మా ఇంట్లో అది ఆనవాయితీ.

మొన్నటి మ్యాట్నీ దగ్గరికొస్తే, అది చిన్న సినిమా. పెద్ద మొహాలు లేవు, డప్పు తక్కువ. మా ఆవిడ సంచిలో చెక్కలు తెచ్చింది, హాల్లో నమిలితే చప్పుడవుతుందని పాట వచ్చేదాకా ఆగింది. రెండో సగంలో ఒక తండ్రి కొడుకుని స్టేషన్లో వదిలి వచ్చే సీను ఉంది. మాటల్లేవు. ఖాళీ కుర్చీల మధ్య అక్కడక్కడా కూర్చున్నవాళ్ళలో ఎవరో ముక్కు చీదారు. ఎవరో తెలీదు. వెంటనే ఇంకో మూల నుంచి ఇంకొకరు. నేను మా ఆవిడ వైపు చూడలేదు.

లైట్లు వేశాక మళ్ళీ లెక్కపెట్టాను. పది. ఒకాయన ఇంటర్వెల్లోనే వెళ్ళిపోయాడు. "పోలైనవి పదకొండు, చెల్లనిది ఒకటి" అన్నాను. మా ఆవిడ మోచేత్తో పొడిచింది.

ఆటోలో వస్తుంటే ఎందుకు బుద్ధి పుట్టిందో, "ఇంతకీ మొన్న ఎలక్షన్లో నువ్వెవరికేశావు?" అని అడిగేశాను.

ఆవిడ కాసేపు బయటికి చూస్తూ కూర్చుంది. "మీరు పీవోగా ఉన్నప్పుడు పోలింగ్ బూత్‌లో ఎవరైనా ఇలా అడిగితే ఏం చేసేవారండీ?"

"బయటికి పంపించేవాణ్ణి."

ఆవిడ ముందుకి వంగి, "బాబూ, కాస్త ఆటో ఆపు" అంది. నా గుండె ఒక్కసారి ఆగింది. నిమ్మకాయలు కొనాలట.